విడాకుల తర్వాత అమ్మమ్మ ఊళ్లో ఒక్కదాన్నే ఉండాలనుకుంటున్నా. అమ్మ వద్దంటోంది. ఎవరిది రైటు?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతలో మళ్లీ చెబుతాను, తప్పుంటే సరిదిద్దండి. మీకు 33 ఏళ్లు. విడాకులొచ్చి ఏడు నెలలైంది. ఒంగోలులో అమ్మానాన్నల దగ్గర ఉంటూ ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నారు. రోజూ ఎవరో ఒకరు పలకరించడానికి వస్తున్నారు, ఆ పలకరింపులతోనే ఊపిరాడడం లేదు. కనిగిరి అవతల పల్లెలో అమ్మమ్మగారి ఇల్లు మూడేళ్లుగా తాళం వేసి ఉంది. అక్కడ రెండు నెలలు ఒక్కరే ఉండి, గోడలకు సున్నం వేసుకుంటూ, వేపచెట్టు కింద కూర్చుని "నన్ను నేను వెతుక్కోవాలి" అని రాశారు. మీ అమ్మగారేమో "ఒక్కదానివే ఉంటే పిచ్చెక్కుద్ది" అంటున్నారు.

వెళ్లండి. కానీ రెండు నెలలు వద్దు. మొదట పది రోజులు వెళ్లి రండి. ఆ తర్వాత ఒంగోలులో ఒక వారం ఉండి, అప్పుడు మళ్లీ వెళ్లాలో వద్దో తేల్చుకోండి. తిరిగొచ్చే తేదీ వెళ్లే ముందే అమ్మకు చెప్పండి. వంటింట్లో క్యాలెండర్ మీద ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టి మరీ వెళ్లండి.

దీనికి ఒక షరతు ఉంది. రెండు వారాలకు పైగా సరిగ్గా నిద్ర లేకపోయినా, అన్నం సయించకపోయినా, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి గుండె బరువెక్కుతున్నా, చచ్చిపోతే బాగుండుననే ఆలోచన ఒక్కసారి వచ్చినా ఇప్పుడు ఒక్కరే వెళ్లొద్దు. ముందు సైకియాట్రిస్టును కలవండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది. ఉచితం, ఏ వేళప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. మీరు రాసినదాంట్లో ఈ లక్షణాలు కనపడలేదు కాబట్టే వెళ్లమంటున్నాను.

నేను నెల్లూరులో 19 ఏళ్లుగా కౌన్సెలింగ్ చేస్తున్నాను. అంతకుముందు డిగ్రీ పిల్లలకు సైకాలజీ చెప్పాను. డాక్టర్ని కాదు, మందులు రాయను. కింద చెప్పేవన్నీ నా దగ్గరికి వచ్చినవాళ్ల సంగతులు, కొంత నా సొంత సంగతి. వాళ్లను గుర్తుపట్టే వివరాలు మార్చాను.

మీ అమ్మగారి భయం గురించి ముందు మాట్లాడతాను. మీరు దాన్ని కొట్టిపారేసినట్టు అనిపించింది. ఆవిడ భయంలో అర్థముంది.

విడవలూరు వైపు నుంచి ఒక రొయ్యల రైతు కేసు వచ్చింది నాకు. వరసగా రెండు పంటలు తెల్లమచ్చ వైరస్‌కి పోయాయి. ఆ జబ్బు 1990ల మధ్యలో మన తీరానికి వచ్చింది, ఎన్ని కుటుంబాలను ముంచిందో ఇక్కడివాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఆయన గుంట గట్టు మీదున్న షెడ్డుకి మకాం మార్చాడు. ఇంట్లోవాళ్లు "మనసు బాగాలేదు, నాలుగు రోజులు ఒక్కణ్ణే ఉండనీ" అని వదిలేశారు, వాళ్లకు తోచిన మంచి అదే. రోజూ క్యారేజీ పంపేవాళ్లు. మూడో వారానికి క్యారేజీ మూత కూడా తీయకుండా తిరిగొచ్చేది. ఫోన్ స్విచాఫ్. ఎండిపోయిన గుంటలో తిరగని ఏరేటర్ల (నీళ్లలోకి గాలి కొట్టే యంత్రాలు) వైపు చూస్తూ కూర్చునేవాడట. చివరికి బావమరిది బలవంతాన కారెక్కించి నా దగ్గరికి తెచ్చాడు. పది నిమిషాలు మాట్లాడి, మీరు రావాల్సింది నా దగ్గరికి కాదని చెప్పి డాక్టర్ దగ్గరికి పంపాను. డిప్రెషన్. మందులు వాడాక నాలుగైదు నెలలకు మామూలు మనిషయ్యాడు. ఇప్పుడు కొడుకుతో కలిసి మేత వ్యాపారం చేస్తున్నాడు, దారిలో కనిపిస్తే బండి ఆపి మరీ పలకరిస్తాడు.

ఆయన షెడ్డుకి పోవాలని కోరుకుని పోలేదు, జబ్బు అక్కడికి నెట్టింది. బయటి నుంచి చూసేవాళ్లకు ఆ రెండూ ఒకేలా కనపడతాయి. నేనైతే తేడా పట్టుకోవడానికి ఒక చిన్న ప్రశ్న అడుగుతాను: "అక్కడ పొద్దున్నే లేచి ఏం చేస్తావు?" దీనికి ఏదో ఒక జవాబుండాలి. ముగ్గేస్తాను, బావి చుట్టూ గడ్డి పీకుతాను, ఏదైనా సరే. "ఏమీ చేయను, ఎవరూ ఉండరు కదా, అదే చాలు" అన్నారంటే నాకు టెన్షన్ మొదలవుతుంది. మీరు సున్నం గురించి రాశారు. ఆ ఒక్క ముక్కే నాకు ధైర్యాన్నిచ్చింది.

ఇక ఒక్కరే ఉన్నప్పుడు లోపల అసలేం జరుగుతుంది?

చాలామంది ప్రశాంతత దొరుకుతుందనుకుంటారు. మొదట దొరికేది అది కాదు. అమెరికాలో 2014లో టిమోతీ విల్సన్ అనే సైకాలజిస్టు బృందం ఒక ప్రయోగం చేసింది. మనుషుల్ని ఖాళీ గదిలో 15 నిమిషాలు ఏ పనీ లేకుండా కూర్చోబెట్టారు. ఫోన్ లేదు, పుస్తకం లేదు. కావాలంటే నొక్కి కరెంటు షాక్ తగిలించుకోవడానికి ఒక బటన్ మాత్రం ఉంది. ఆ షాక్ ఎలా ఉంటుందో వాళ్లు ముందే చూశారు, అది మళ్లీ తగలకుండా ఉండడానికి డబ్బులైనా ఇస్తామని కూడా అన్నారు. అయినా 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో ఆరుగురు నొక్కుకున్నారు. ఊరికే కూర్చోవడం కన్నా షాకే నయమనిపించిందన్నమాట.

తుయ్-వీ న్గుయెన్ అనే ఆవిడ ఇంకో ఇద్దరితో కలిసి 2018లో ప్రచురించిన పరిశోధన నాకు ఇంకా ఎక్కువ పనికొచ్చింది. పావుగంట ఒంటరిగా ఉంటే కోపం, ఆందోళన లాంటి ఉడుకు భావాలు తగ్గుతాయి. ఉత్సాహం, హుషారు కూడా తగ్గుతాయి. అంటే ఏకాంతం మంచిని పెంచి చెడును తుంచదు, మొత్తం పొయ్యి సెగనే తగ్గిస్తుంది. పొంగు దిగాక గిన్నె అడుగున ఏముందో కనపడుతుంది. కొంతమందికి అడుగున దిగులు ఉంటుంది, దాన్ని చూసి ఇంతకుముందు కన్నా ఎక్కువ భయపడతారు. మీకు ఏడు నెలలుగా లాయర్లు, బంధువులు, ఆఫీసు మీటింగులు, ఈ పొంగు తప్ప ఏదీ కనపడి ఉండదు. అందుకని అడుగున ఏదో ఉంటుందని తెలిసి వెళ్లండి.

నా సంగతి చెబుతాను. 2011లో మా ఆయన గుండెపోటుతో పోయారు. నాకప్పుడు 46 ఏళ్లు. నెలమాసికం దాకా ఇల్లంతా జనం. ఆ తర్వాత మైపాడు దగ్గర పల్లెలో మా పిన్ని వాళ్ల ఇల్లు ఖాళీగా ఉంటే అక్కడికి వెళ్లి 21 రోజులున్నాను. వృత్తిరీత్యా నాకు అన్నీ తెలుసనుకునేదాన్ని.

మొదటి మూడు రోజులు నిద్రే నిద్ర. పగలూ రాత్రీ పడుకున్నాను. అది చూసి బాగవుతున్నానని మురిసిపోయాను. నాలుగో రాత్రి మొదలైంది అసలు కథ. పోయిన మనిషితో గట్టిగా పోట్లాడాను, గొంతు పైకెత్తి. బీపీ మాత్రలు మానేసిన సంగతి నాతో ఎందుకు చెప్పలేదని. పక్కింటి అవ్వ తలుపు కొట్టి "ఎవరమ్మా లోపల?" అంది. ఎవరూ లేరవ్వా అన్నాను. ఆవిడ కాసేపు నిలబడి, ఏమీ అడక్కుండా వెళ్లిపోయింది. పొద్దున్నే గడప మీద గ్లాసుడు మజ్జిగ పెట్టి ఉంది. ఏడో రోజు దాకా అదే గోల. ఐదో రోజు సంచీ సర్దుకుని బస్సుకు బయల్దేరాను కూడా, బస్సు రాక తిరిగొచ్చాను.

తర్వాత తీవ్రత తగ్గింది. పొద్దున్నే రేవుకి నడిచేదాన్ని, పడవలొచ్చే వేళకి. చేపలు కొనుక్కుని పులుసు పెట్టుకునేదాన్ని. మా ఆయనకు పులుపు దండిగా ఉండాలి, కారం చెవుల్లోంచి పొగలు రావాలి. 22 ఏళ్లు అలాగే వండాను, అలాగే తిన్నాను. పదకొండో రోజు చింతపండు పిసుకుతూ, ఇంత ఎవరి కోసం పిసుకుతున్నాను అనిపించింది. సగం తీసి పక్కన పెట్టాను. కారం కూడా తగ్గించాను. తిన్నాను. బాగుంది. నాకు పులుపు తక్కువ ఇష్టమని 46 ఏళ్లకు తెలిసింది. సంతోషపడాలి కదా, కూర్చుని ఏడ్చాను, ఆయనకేదో ద్రోహం చేసినట్టు. మర్నాడు ఆ మిగిలిన పులుసు ఇంకా బాగుంది. (నెల్లూరు పులుసు ఎప్పుడైనా రెండో రోజే తినాలి, అది వేరే సంగతి.)

"నన్ను నేను వెతుక్కోవాలి" అన్న మీ మాట దగ్గరికి వస్తున్నాను. ఆ మాట నాకు పెద్దగా నచ్చదు, ఏమీ అనుకోవద్దు. మనం ఎక్కడో జారిపోయిన ఉంగరం లాంటివాళ్లం కాదు, పెళ్లికి ముందున్న మనిషి అమ్మమ్మ ఇంటి అటక మీద అలాగే దొరకడానికి. అక్కడ దొరికేవి చిన్న చిన్నవే. ఎన్ని గంటలకు ఆకలేస్తుంది, ఏ పక్కకి తిరిగి పడుకుంటే నిద్రపడుతుంది, టీవీ మోత లేకపోతే నాకు బాగుంటుందా బాగుండదా, పులుసులో ఎంత చింతపండు. కాపురంలో రాజీపడీ రాజీపడీ ఈ లెక్కలన్నీ కలిసిపోతాయి. ఒక్కరే ఉన్నప్పుడు ఒక్కొక్కటీ విడదీసుకోవచ్చు. పెద్ద నిర్ణయాలు కూడా వీటి మీదే నిలబడతాయి. తనకు ఏం తినాలనుందో చెప్పలేని మనిషి, మళ్లీ పెళ్లి చేసుకోవాలో వద్దో ఎలా చెప్పగలదు?

కాబట్టి నాకు లాగే మీకూ నాలుగో రోజు నుంచి ఏడో రోజు దాకా బాగోకపోవచ్చు. అది ముందే తెలిసి ఉండాలి. నాలుగో రోజు ఏడుపొస్తే మీ అమ్మ చెప్పిందే నిజమైందని బస్సెక్కకండి. రోజుకి కాస్తయినా తింటూ, కాస్తయినా పడుకుంటూ ఉంటే అది రావాల్సిందే వస్తోందని లెక్క. తిండీ నిద్రా రెండూ వరసగా రెండు మూడు రోజులు పూర్తిగా పోయాయంటే మాత్రం పంతానికి పోకుండా తిరిగొచ్చేయండి. ఓడిపోయినట్టేమీ కాదు.

ఆ పది రోజుల్లో ఏ పెద్ద నిర్ణయమూ వద్దు. ఉద్యోగం మానేస్తానని మెయిల్ పెట్టొద్దు. మాజీ భర్త నంబరుకి మెసేజ్ అసలే వద్దు. నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామంది నాశనం చేసుకున్నది రాత్రి పదకొండు తర్వాత పంపిన మెసేజులతోనే. చెప్పాలనిపించిందంతా కాగితం మీద రాయండి. జేమ్స్ పెన్నెబేకర్ అనే అమెరికా సైకాలజిస్టు 1980లలో కాలేజీ పిల్లల మీద చేసిన ప్రయోగం ఇప్పటికీ మేం వాడుతుంటాం: వరసగా నాలుగు రోజులు, రోజుకి పావుగంట, మనసును ఎక్కువ గాయపరిచిన సంగతి గురించి ఆపకుండా రాయడం. అక్షరదోషాలు చూసుకోనక్కర్లేదు. రాసిన వెంటనే వాళ్లకు ఇంకా బాధగానే ఉంది, కానీ తర్వాతి నెలల్లో వాళ్లు కాలేజీ ఆసుపత్రికి వెళ్లడం తగ్గింది. నాలుగు రోజులే, గుర్తుంచుకోండి. నలభై రోజులు అదే గాయాన్ని గోకుతూ కూర్చుంటే అది రాయడం అవ్వదు. రాశాక చించి పొయ్యిలో వేసినా సరే.

మీ ప్రశ్న చూసి కొందరు విపశ్యన ధ్యాన శిబిరానికి వెళ్లమని సలహా ఇచ్చారు. మంచిదే. పది రోజులు దాదాపు పూర్తి మౌనం, ఫోన్ వాళ్లకే అప్పజెప్పాలి, రోజుకి దాదాపు పది గంటలు ధ్యానం. కానీ తాజా గాయంతో వెళ్లేవాళ్లకు మొదటి మెట్టుగా నేను చెప్పను. కనిగిరి వైపు నుంచే ఒక అబ్బాయి, గ్రూప్స్ పోయిందన్న దిగులుతో వెళ్లాడు. వాడుతున్న మందుల సంగతి దరఖాస్తులో రాయకుండా దాచాడు. నాలుగో రోజు చెమటలు, వణుకు, ఊపిరాడలేదు. వాళ్లు ఆ ప్రశ్నలు అడిగేది ఊరికే కాదు. మీకైతే చేతికి పని ఉన్న ఏకాంతమే మేలు, సున్నం బకెట్ చాలు.

ఇంకో మాట, ఇది మీ ప్రశ్నకు కాస్త పక్కకు పోవడమే. ఇది చదివే ఆడవాళ్లలో చాలామందికి ఖాళీ అమ్మమ్మ ఇల్లు ఉండదు, పది రోజుల సెలవూ ఉండదు. కోవూరు నుంచి ఒకామె వచ్చేది. ఇద్దరు పిలకాయలు, అత్తామామలు, రెండు గదుల ఇల్లు. "నాకు బాత్రూంలో తప్ప ఒంటరిగా ఉండే చోటే లేదు మేడం, అక్కడా తలుపు కొడతారు" అంది. మేడ మీద వాటర్ ట్యాంకు నీడలో రోజూ సాయంత్రం నలభై నిమిషాలు కూర్చోమన్నాను. వారానికల్లా అత్తగారికి అనుమానం: "పైకెక్కి ఎవరితో మాట్లాడతా ఉండాది?" అప్పుడు ఆమె తనంతట తనే ఒక ఉపాయం చేసింది. ఫోన్ అత్తగారి ముందే టీవీ మీద పెట్టి పైకి వెళ్లడం మొదలుపెట్టింది. అనుమానం పోయింది, ఏకాంతమూ ఇప్పుడు నిజంగా దొరికింది. అప్పటిదాకా ఆమె కూడా పైన కూర్చుని రీల్సే చూస్తోందట! ఆ తెలివి నాది కాదు, ఆమెదే. ఇప్పుడు అందరికీ అదే చెబుతున్నాను.

మన సమాజం ఒంటరిగా ఉంటానంటే ఒప్పుకోదు, దేవుడి పేరు చెబితే ఒప్పుకుంటుంది. గమనించారా? అయ్యప్ప మాల వేసుకున్న మగవాడు 41 రోజులు విడిగా పడుకుంటాడు, విడిగా తింటాడు, తక్కువ మాట్లాడతాడు. "స్వామి మాలలో ఉన్నాడు, కదిలించకండి" అని ఇంట్లోవాళ్లే కాపలా కాస్తారు. అదే మనిషి మామూలు రోజుల్లో "నన్ను కాసేపు వదిలేయండి" అంటే ఏమైందీ, ఎవరేమన్నారూ అని వంద ప్రశ్నలు. ఆడవాళ్లు ఓం శక్తి మాల వేసుకుని ఎర్రచీర కట్టుకున్నా అంతే, ఇంట్లో ఒక మర్యాద వస్తుంది. గొలగమూడి, జొన్నవాడ క్షేత్రాల్లో రాత్రి నిద్ర చేసి రావడం కూడా నాకు ఇలాంటిదే అనిపిస్తుంది. వందమంది మధ్య పడుకున్నా అక్కడ ఎవరి గోడు వాళ్లదే, పక్కవాళ్లు ఏమైందని అడగరు. నాకు భక్తి అంతంతమాత్రమే అయినా, వచ్చినవాళ్లకు నమ్మకం ఉంటే వెళ్లి రమ్మనే చెబుతాను. జబ్బుకు మందులు మాత్రం ఆపకూడదు, అది గట్టిగా చెప్పి పంపుతాను.

జనం మధ్యే ఉంటూ ఏకాంతం కుదుర్చుకున్నవాళ్లూ ఉన్నారు. పల్లిపాడులో పెన్న ఒడ్డున ఉన్న పినాకినీ ఆశ్రమాన్ని 1921లో గాంధీ వచ్చి ప్రారంభించారని మన జిల్లావాళ్లకు తెలుసు. ఆయన చుట్టూ ఎప్పుడూ జనమే. కానీ ఆయనకు సోమవారం మౌనవారం. ఎవరైనా ఏదైనా అడిగితే కాగితం ముక్క మీద రాసిచ్చేవారు. పది రోజులు కుదరనివాళ్లు వారానికి ఒక పూట అయినా అలా పెట్టుకోవచ్చు. ఏ పూటో ఇంట్లో ముందే చెప్పి ఉంచాలి, లేకపోతే అలిగారనుకుంటారు.

సరే, మీ ఊరి సంగతి. పల్లెలో ఏకాంతం దొరుకుతుందనుకోవడం పట్నంవాళ్ల భ్రమ. మీరు బస్సు దిగిన గంటలో "ఫలానావాళ్ల మనవరాలు ఒక్కతే వచ్చిందంట" అని ఊరంతా తెలుస్తుంది. సాయంత్రానికి అరుగు మీదికి ఇద్దరు అవ్వలొస్తారు. అల్లుడు రాలేదా అని అడుగుతారు. దానికి ఒక వాక్యం ఇప్పుడే తయారుచేసుకోండి, అందరికీ అదే చెప్పండి. "ఇల్లు పాడైపోతోంది, బాగు చేయిద్దామని వచ్చానవ్వా, పది రోజులుంటా" అంటే చాలు. అబద్ధమేమీ కాదు. మరీ లోతుగా అడిగితే "విడిపోయామవ్వా" అని అక్కడితో ఆపండి. ఆగినచోట వాళ్లూ ఆగుతారు. కథ మొదలుపెడితే మాత్రం మీ పది రోజులూ అరుగు మీదే అయిపోతాయి. ఆ అవ్వల్లో ఒకరిని ఎంచుకుని, పొద్దున్న ఎనిమిదైనా నా తలుపు తీయకపోతే పిలువు అని చెప్పి ఉంచండి. నాకు మజ్జిగ పెట్టిన అవ్వ లేకపోతే నేను ఐదో రోజు తర్వాత నిలబడేదాన్నో లేదో.

కాలం చూసుకోండి. ఏప్రిల్, మేలో ఆ వైపు ఎండకు మనసు సంగతి దేవుడెరుగు, ఒళ్లే నిలవదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు అసలు వానలు, తుపాన్లు. మూడేళ్లుగా ఎవరూ చూడని ఇంటి కప్పు కింద ఆ రోజులు వద్దు. సంక్రాంతి అయ్యాక ఫిబ్రవరి చివరిలోపు అయితే హాయి. కనిగిరి ప్రాంతంలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, తాగడానికీ వంటకీ ప్లాంటు నీళ్ల క్యాన్ వేయించుకోండి. మూసి ఉన్న ఇల్లు కాబట్టి ముందుగా ఒక మనిషిని పంపి పెరట్లో చెత్త కొట్టించి, కరెంటు వైరింగు చూపించి, తలుపు గడియలు గట్టిగా ఉన్నాయో లేదో చూసుకోండి. పాములు, తేళ్లు ఉంటాయి, పెద్ద టార్చిలైటు తలగడ పక్కనే ఉండాలి. అటక మీద చెయ్యి పెట్టేముందు కర్రతో కదిలించండి.

ఆఫీసు లాప్‌టాప్ ఒంగోలులోనే వదిలేసి సెలవు పెట్టండి. అక్కడ కూర్చుని పని చేస్తే అది ఊరు మారిన ఆఫీసు అవుతుంది, అంతే. ఫోన్‌లో డేటా ఆపేసి, రోజూ సాయంత్రం ఏడింటికి అమ్మతో ఐదు నిమిషాలు మాట్లాడండి. ఏం తిన్నావు, తలుపు వేశావా, అంతే. వీడియో కాల్ వద్దు, మీ కళ్లు ఉబ్బి ఉంటే ఆవిడ రాత్రికి రాత్రి బయల్దేరతారు.

ఆ ఐదు నిమిషాలు అమ్మ కోసమే పెట్టమన్నాననుకోవద్దు, మీకూ అవసరమే. డొనాల్డ్ విన్నికాట్ అనే ఇంగ్లండు పిల్లల డాక్టరు, ఆయన మానసిక విశ్లేషకుడు కూడా, 1958లో ఒక వ్యాసంలో ఈ సంగతి చెప్పాడు. పసిబిడ్డ ఒంటరిగా ఉండడం నేర్చుకునేది తల్లి దగ్గరున్నప్పుడేనట. అమ్మ వంటింట్లో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినపడుతుంటే బిడ్డ ముందుగదిలో తన లోకంలో తాను ఆడుకుంటుంది. చప్పుడు ఆగితే ఆట ఆపి వెతుక్కుంటుంది. పెద్దయ్యాక కూడా మనం అంతే అని నా అనుభవం. ఎవరో ఒకరు ఉన్నారన్న ధీమా ఉన్నవాళ్లకే ఒంటరిగా ఉండడం చేతనవుతుంది. ఆ రొయ్యల రైతు ఫోన్ ఆపేసిన రోజే ఆ చప్పుడు ఆగిపోయింది.

బాగవుతున్నట్టు ఎలా తెలుస్తుందని చివర్లో అడిగారు. మనసు ప్రశాంతంగా ఉందా అని చూసుకోవద్దు, అలా చూసుకున్న ప్రతిసారీ ఉండదు. వేళకు ఆకలేస్తోందా చూడండి. జరిగిన గొడవే తలలో తిరుగుతున్నా, అది తిరుగుతుండగానే చేతిలో పని సాగుతోందా చూడండి. నాకైతే పద్దెనిమిదో రోజున ఊరికే, ఏ అవసరమూ లేకుండా మా చెల్లెలికి ఫోన్ చేయాలనిపించింది. జాలి కోసం కాదు, రేవులో చూసిన ఒక తగాదా చెప్పి నవ్వించాలని. మీకూ అలాంటిది అనిపించిందంటే పది రోజుల లెక్క పూర్తికాకపోయినా వచ్చేయొచ్చు. పదో రోజున ఇంకా ఎవరి మొహమూ చూడబుద్ధి కావడం లేదంటే, పొడిగించకండి. ఆ స్థితిలో ఇంకా ఉండాలనిపించడమే అనుమానించాల్సిన సంగతి. ఒంగోలు వచ్చి ఎవరైనా కౌన్సెలర్‌ను కలిశాకే రెండో విడత గురించి ఆలోచించండి.

అమ్మ కూడా వస్తానంటోంది, ఒప్పుకోవాలా అన్నారు కదా. మొదటి రోజు తీసుకెళ్లండి. అది ఆవిడ పుట్టిల్లు, తాళం ఆవిడ చేత్తోనే తీయించండి. ఇద్దరూ కలిసి ఊడ్చి, కడిగి, పొయ్యి మీద పాలు పొంగించి, మధ్యాహ్నం అన్నం తినండి. ఆవిడ ఏడుస్తారు, వాళ్లమ్మ గుర్తొచ్చి. ఏడవనివ్వండి. ఆ ఒక్కరోజు ఆ ఇంట్లో ఓదార్చాల్సిన మనిషి మీరు కాదు, ఆవిడే. సాయంత్రం ఒంగోలు బస్సెక్కించండి. పచ్చడి జాడీ ఒకటి ఇస్తే తీసుకోండి, మూడిస్తే రెండు వెనక్కి పంపండి, లేకపోతే అవి అయిపోయాయా అని చూడ్డానికి మళ్లీ వస్తారు.